సోడా కంపెనీ షేరు ఖరీదా, చవకా?

ఇంటర్లో, డిగ్రీలో కామర్స్ తీసుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు షేరు అంటే ఏమిటో, ముఖవిలువ అంటే ఏమిటో పరీక్షల్లో చక్కగా రాస్తారు. అదే షేరు బజారులో 32 డాలర్లకు అమ్ముడుపోతుంటే ఆ ధర న్యాయమైనదేనా అని అడిగితే మాత్రం పుస్తకంలో జవాబు దొరకదు. అది కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేసి చూడవలసిన విషయం. ఉద్యోగాల్లో చేరిన మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఇప్పుడు ఫోనులోనే డీమ్యాట్ ఖాతా తెరిచి షేర్లు కొంటున్నారు. మొదటి జీతం చేతికి రాగానే "ఫలానా షేరు కొను, మూడు నెలల్లో రెట్టింపు" అనే మెసేజి కూడా వచ్చేస్తుంది. మన ఇళ్ళల్లో ఆ మొదటి జీతం మీద ఎన్ని ఆశలు ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. చెల్లి ఫీజు, కారుతున్న ఇంటి పైకప్పు, నాన్న చేసిన అప్పు అన్నీ దానిమీదే ఉంటాయి. కనుక ఈ పాఠం కామర్స్ వాళ్ళకు మాత్రమే రాసింది కాదు.

పాఠానికి అమెరికాలోని ఒక చిన్న కూల్‌డ్రింకు కంపెనీని తీసుకుందాం. కూల్‌డ్రింకే ఎందుకంటే, ఉక్కు ఫ్యాక్టరీ గురించో, మందుల కంపెనీ గురించో మాట్లాడాలంటే సామాన్యుడు కొంచెం జంకుతాడు. సోడా గురించి మాట్లాడటానికి ఎవడూ జంకడు. తాగినవాడల్లా నిపుణుడే. అందువల్ల వేరే ఉద్యోగాలు చేసుకుంటూ తీరిక వేళల్లో షేర్లు కొని అమ్మే ఔత్సాహికులు ఇలాంటి కంపెనీల మీద ఎక్కువగా వాదులాడుకుంటారు. ఆ వాదనలు ఎలా సాగుతాయో, ఎక్కడ దారి తప్పుతాయో చూస్తే మనకు చాలా తెలుస్తుంది.

జోన్స్ సోడా కథ

జోన్స్ సోడా కంపెనీని పీటర్ వాన్ స్టోల్క్ అనే ఆయన 1987లో కెనడాలోని వాంకూవర్‌లో వేరే పేరుతో మొదలుపెట్టాడు. 2000లో మకాం సియాటిల్ నగరానికి మారింది. కోకాకోలా, పెప్సీల పక్కన ఇది ఏనుగు పక్కన ఎలుక లాంటిది. పెద్ద ప్రకటనలు ఇచ్చే స్తోమత లేదు కనుక ఒక ఉపాయం చేసింది. తాగేవాళ్ళు తమ ఫోటోలు పంపితే వాటిలో కొన్నింటిని సీసాల మీద లేబుళ్ళుగా వేసేది. తన ఫోటో ఉన్న సీసాను ఎవరు పదిమందికి చూపించరు? 2003లో థ్యాంక్స్‌గివింగ్ పండుగకు టర్కీ కోడి, గ్రేవీ రుచితో సోడా చేసి అమ్మింది. అది గొంతు దిగిందో లేదో గానీ, కంపెనీ పేరు మాత్రం పత్రికల్లోకి ఎక్కింది.

2006లో కంపెనీ అమ్మకాలు సుమారు 3 కోట్ల 90 లక్షల డాలర్లు. లాభం సుమారు 46 లక్షల డాలర్లు. అప్పటిదాకా ఎక్కువగా గాజుసీసాల్లో అమ్మిన సోడాను డబ్బాల్లో నింపి పెద్ద పెద్ద దుకాణాలకు చేర్చడానికి నేషనల్ బెవరేజ్ అనే కంపెనీతో ఒప్పందం కుదిరింది. మొక్కజొన్న సిరప్ బదులు చెరకు పంచదార వాడతామని కూడా ప్రకటించారు. ఇక చూడండి. 2007 జనవరి మొదట్లో 12 డాలర్ల చిల్లర ఉన్న షేరు ఏప్రిల్‌లో 32 డాలర్ల దాకా పోయింది. నాలుగు నెలలు తిరక్కుండానే రెండున్నర రెట్లు!

ఇలాంటి సమయంలోనే వాదన ముదురుతుంది. షేరు కొన్నవాళ్ళు అనేది ఇలా ఉంటుంది: మా పిల్లలు ఇదే తాగుతున్నారు, మా వీధి దుకాణంలో సరుకు నిలవడం లేదు, డబ్బాలు ఇంకా దేశమంతా చేరనేలేదు, కోకాకోలా కూడా ఒకప్పుడు చిన్నదే కదా. కొననివాళ్ళు అనేది ఇంకొకటి: ఇంత చిన్న లాభానికి ఇంత ధర ఏమిటి, సోడా చేయడం ఏమన్నా బ్రహ్మవిద్యా, రేపు పెద్ద కంపెనీ అలాంటిదే చేస్తే దీని గతేమిటి. మధ్యలో మూడో రకం మనిషి ఒకడుంటాడు. ధర ఎక్కువేనని వాడికీ తెలుసు. అయినా తనకంటే ఎక్కువ పెట్టి కొనేవాడు రేపు దొరుకుతాడని వాడి ధైర్యం. నా దృష్టిలో ముగ్గురిలోకీ ప్రమాదకరమైన స్థితిలో ఉన్నది ఈ మూడోవాడే. ఎందుకంటే వాడి లెక్కలో కంపెనీయే లేదు.

మొదటి ఇద్దరిలో ఎవరిది సరైన మాట? ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, ఇద్దరూ అసలు లెక్క వేయలేదు. ఆ లెక్క ఏమిటో చూద్దాం.

సోడాబండి లెక్క

మన హాస్టల్ గేటు ముందు ఒక గోలీసోడా బండి ఉందనుకుందాం. గ్యాసు, నిమ్మకాయలు, ఐసు, బండివాడి కూలి అన్నీ పోను ఏడాదికి లక్ష రూపాయలు మిగులుతోంది. ఆ బండిని మీకు అమ్ముతానంటూ యజమాని 10 లక్షలు అడిగాడు. అంటే ఏడాది లాభానికి 10 రెట్లు. ఇలాగే లాభం వస్తుంటే పదేళ్ళకు మీ డబ్బు మీకు తిరిగొస్తుంది. బేరం ఆలోచించదగ్గదే. అదే బండికి ఒక కోటీ 80 లక్షలు అడిగితే? లాభానికి 180 రెట్లు. మీరు, మీ పిల్లలు, మీ మనవలు కూడా సోడా కొట్టినా పెట్టుబడి తిరిగిరాదు.

ధర లాభానికి ఎన్ని రెట్లు ఉందో చెప్పే ఈ అంకెనే పి.ఇ. నిష్పత్తి అంటారు. షేరు ధరను ఒక్కో షేరుకు వచ్చే లాభంతో భాగించినా, మొత్తం కంపెనీ బజారు విలువను మొత్తం లాభంతో భాగించినా అదే వస్తుంది. జోన్స్ సోడాకు సుమారు 2 కోట్ల 60 లక్షల షేర్లు ఉన్నాయి. 32 డాలర్ల చొప్పున కంపెనీ మొత్తం ఖరీదు సుమారు 83 కోట్ల డాలర్లు. దాన్ని 46 లక్షల లాభంతో భాగించండి. 180 వస్తుంది. కోటీ 80 లక్షల సోడాబండి ఇదే!

షేరు ధర 32 డాలర్లు అన్నప్పుడు ఈ సంగతి కనబడదు. అందుకే ఒక్క షేరు ధర చూసి "తక్కువే కదా" అనుకోవడం పెద్ద పొరపాటు. పది రూపాయల షేరు ఖరీదైనది కావచ్చు, పదివేల రూపాయల షేరు చవకైనది కావచ్చు. ముందు షేర్ల సంఖ్యతో గుణించాలి, తర్వాతే మాట్లాడాలి.

అయితే 180 రెట్లు అని తేలగానే "అధిక ధర" అని తీర్పు చెప్పేయవచ్చునా? తొందరపడకూడదు. సోడాబండి యజమాని, "అయ్యా, వచ్చే సంవత్సరం నుంచి ఈ ఊళ్ళో 20 బళ్ళు పెడుతున్నాం, లాభం లక్ష కాదు, 20 లక్షలు" అన్నాడనుకోండి. ఆ మాట నిజమైతే కోటీ 80 లక్షలు 9 రెట్లే అవుతుంది. కనుక అడగవలసిన ప్రశ్న "రెట్లు ఎన్ని" అనే దగ్గర ఆగకూడదు. "ఈ ధర నిలబడాలంటే ఏమేమి జరగాలి, అవి జరుగుతున్నాయా?" అని అడగాలి.

జోన్స్ సోడాకు ఆ లెక్క వెనక్కి వేద్దాం. బాగా పెరుగుతున్న కంపెనీ కాబట్టి లాభానికి 25 రెట్లు ఇవ్వవచ్చునని ఉదారంగానే అనుకుందాం. 83 కోట్లను 25తో భాగిస్తే 3 కోట్ల 32 లక్షల డాలర్ల లాభం రావాలి. 2006లో ప్రతి వంద డాలర్ల అమ్మకం మీద మిగిలింది దాదాపు 12 డాలర్లు. అదే శాతం నిలిచిందనుకున్నా సుమారు 28 కోట్ల డాలర్ల సరుకు అమ్మాలి. అంటే అప్పుడు అమ్ముతున్నదానికి ఏడు రెట్లు. అదీ కొన్నవాడికి కొత్తగా ఏమీ మిగలడానికి కాదు, అతను పెట్టిన ధర సమంజసం అనిపించుకోవడానికే. ఇక అమెరికాలో అప్పటికి మామూలు సోడాల అమ్మకాలు 2005 నుంచి తగ్గుముఖం పట్టాయి. తగ్గుతున్న బజారులో ఏడింతలు పెరగాలంటే కోకాకోలా, పెప్సీల అరల్లోంచి స్థలం లాక్కోవాలి.

జరిగిందేమిటి? 2007లో కూడా అమ్మకాలు సుమారు 3 కోట్ల 90 లక్షల దగ్గరే నిలిచిపోయాయి. డబ్బాలను దుకాణాల్లోకి ఎక్కించడానికి, ప్రచారానికి ఖర్చు పెరిగింది. 46 లక్షల లాభం పోయి ఒక కోటీ 16 లక్షల డాలర్ల నష్టం వచ్చింది. ఆ డిసెంబరు ఆఖరుకు స్థాపకుడే ప్రధాన అధికారి పదవి నుంచి తప్పుకున్నాడు. 2008 ముగిసేనాటికి షేరు ఒక డాలరు కూడా పలకలేదు. 2012లో అది నాస్‌డాక్ ఎక్స్ఛేంజి నుంచి బయటికి వచ్చింది. సోడా మాత్రం బాగానే ఉంది, ఇష్టపడేవాళ్ళు తాగుతూనే ఉన్నారు. సోడా మంచిదే గానీ దాని షేరుకు పెట్టిన ధర మంచిది కాదు.

మరి హాన్సెన్ సంగతి?

ఇంతవరకు చదివినవారు "రెట్లు ఎక్కువ ఉంటే కొనకూడదు, అంతే కదా" అనుకోవచ్చు. అలా అనుకున్నవాళ్ళు అదే సంవత్సరాల్లో, అదే దేశంలో, మరో చిన్న పానీయాల కంపెనీ విషయంలో ఘోరంగా తప్పులో కాలేశారు.

హాన్సెన్ 1935లో కాలిఫోర్నియాలో పుట్టిన కుటుంబ వ్యాపారం. లాస్ ఏంజెలెస్‌లోని సినిమా స్టూడియోలకు తాజా పళ్ళరసం అమ్మేవారు. చేతులు మారి, 1990ల నాటికి రోడ్నీ సాక్స్, హిల్టన్ ష్లాస్‌బర్గ్ అనే దక్షిణాఫ్రికా వాళ్ళ నిర్వహణలోకి వచ్చింది. 2002లో మాన్‌స్టర్ అనే ఎనర్జీ డ్రింకు విడుదల చేశారు. అప్పటికి ఆ రంగంలో రెడ్ బుల్‌దే రాజ్యం. దాని డబ్బా చిన్నది. మాన్‌స్టర్ డబ్బా దాదాపు రెట్టింపు, ధర మాత్రం ఇంచుమించు అంతే. కుర్రకారుకు ఇంతకంటే వేరే వివరణ కావాలా?

కంపెనీ మొత్తం నికర అమ్మకాలు 2002లో సుమారు 9 కోట్ల 20 లక్షల డాలర్లు, లాభం 30 లక్షలు. 2003లో లాభం 59 లక్షలు. 2004లో 2 కోట్ల 4 లక్షలు. 2005లో 6 కోట్ల 28 లక్షలు. 2006లో అమ్మకాలు 60 కోట్లు దాటాయి, లాభం 9 కోట్ల 79 లక్షలకు చేరింది. ఆ వరుసను మరోసారి నెమ్మదిగా చదవండి. నాలుగేళ్ళలో లాభం ముప్పై రెట్లు పైగా పెరిగింది.

ఎవరైనా 2003 లాభానికి 60 రెట్లు పెట్టి ఈ కంపెనీని కొన్నారనుకుందాం. చూసినవాళ్ళు పిచ్చివాడనేవారు. అతను పెట్టింది సుమారు 35 కోట్లు. 2006 లాభంతో పోలిస్తే అది నాలుగు రెట్లు కూడా కాదు! అంటే "ఖరీదు" అని పేరుపడ్డ షేరు నిజానికి కారుచవక. పోయిన సంవత్సరపు లాభంతో మాత్రమే భాగించేవాడు అద్దంలో వెనక రోడ్డు చూస్తూ బండి నడిపేవాడి లాంటివాడు.

రెండు కంపెనీలకూ అభిమానులు ఉన్నారు, రెండింటికీ ఆకట్టుకునే కథ ఉంది. తేడా ఎక్కడంటే, హాన్సెన్ కథ వెనకాల ప్రతి మూడు నెలల లెక్కల్లోనూ అమ్మకంతో పాటు లాభం వస్తూ ఉంది. ఎనర్జీ డ్రింకుల బజారు కూడా పెరుగుతూ ఉంది. 2006లో బీరు కంపెనీ అన్‌హైజర్ బుష్ పంపిణీదారుల ద్వారా సరుకు దేశమంతా చేరే ఏర్పాటు జరిగింది. జోన్స్ విషయంలో ధర ముందు పరిగెత్తింది, లెక్కలు వెనక నుంచి రాలేదు.

హాన్సెన్ 2006 జూలైలో ఒక్కో షేరును నాలుగుగా విడగొట్టింది. ధర నాలుగో వంతుకు వచ్చింది. "చవకైంది" అని సంబరపడేవాళ్ళు ఇలాంటప్పుడు ఎప్పుడూ ఉంటారు. రొట్టెను నాలుగు ముక్కలు చేస్తే ఆకలి తీరేది అంతే. ఈ కంపెనీయే 2012లో మాన్‌స్టర్ బెవరేజ్‌గా పేరు మార్చుకుంది. 2015లో కోకాకోలా దానిలో దాదాపు ఆరో వంతు వాటా తీసుకుంది, ఆ ఒప్పందంలో చెల్లించిన నగదు సుమారు 215 కోట్ల డాలర్లు.

పీటర్ లించ్ అనే ప్రసిద్ధ ఫండ్ మేనేజరు సామాన్యుడు కూడా దుకాణాల్లో తిరిగి మంచి కంపెనీని పెద్దవాళ్ళకంటే ముందే పసిగట్టగలడని 1989లో ఒక పుస్తకం రాశాడు. చాలామంది ఆ సగం మాత్రమే గుర్తుపెట్టుకున్నారు. వస్తువు నచ్చడం పరిశీలన మొదలుపెట్టడానికే, ఆ తర్వాత లెక్కలు చదవాలి అని కూడా ఆయన చెప్పాడు.

ముందే నిజం చెప్పినవాడి నష్టం

జోన్స్ షేరు 12 డాలర్లు ఉన్నప్పుడే అది లాభానికి 70 రెట్లు. "ఇది అధిక ధర" అని అప్పుడే అన్నవాడు చివరికి నిజమే చెప్పినట్టు. కానీ అతను ఆ మాట మీద డబ్బు పెట్టి ఉంటే ఏమయ్యేది? ధర పడుతుందని నమ్మినవాడు షేర్లు అప్పు తెచ్చి అమ్ముతాడు. పడ్డాక తక్కువకు కొని తిరిగి ఇచ్చేస్తాడు. దీన్నే షార్ట్ చేయడం అంటారు. 12కు అమ్మినవాడు ఏప్రిల్‌లో 32 చూశాడు. ఒక్కో షేరుకు 20 డాలర్లు నష్టం కనబడుతుంటే, అప్పిచ్చిన బ్రోకరు ఇంకా డబ్బు కట్టమంటుంటే, ఎంతమంది నిలబడగలరు? కొన్నవాడికి నష్టం పెట్టిన డబ్బు వరకే. షార్ట్ చేసినవాడి నష్టానికి పైకప్పు లేదు. "అధిక ధర" అని తెలుసుకోవడం వేరు, అది ఎప్పుడు దిగుతుందో తెలియడం వేరు. రెండోది ఎవరికీ తెలియదు. నా మటుకు నాకు, అధిక ధర అనిపిస్తే కొనకుండా ఊరుకోవడమే మన స్థితిలో ఉన్నవాళ్ళకు సరిపోయే పని.

మన దేశంలో మామూలు మదుపరి చేతిలో లేని షేరును అమ్మితే ఆ రోజే తిరిగి కొనాలి. అంతకంటే ఎక్కువ రోజులు ఆ పందెం కట్టాలంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లోకి పోవాలి. అక్కడ ఏం జరుగుతోందో సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తీసి చెప్పింది. 2022, 2023, 2024 మార్చిలతో ముగిసిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో అందులో దిగిన వ్యక్తుల్లో ప్రతి వందమందికీ 93 మంది నష్టపోయారు. ఒక్కొక్కరి సగటు నష్టం సుమారు 2 లక్షల రూపాయలు. రెండు లక్షలంటే మనలో ఎన్ని ఇళ్ళకు ఎన్ని నెలల తిండో మీరే లెక్క వేసుకోండి.

రిజిష్టరులో బియ్యం, కంచంలో అన్నం

మెస్ కమిటీలో పనిచేసిన మిత్రులకు ఈ భాగం సులువుగా అర్థమవుతుంది. రిజిష్టరులో ఇన్ని కిలోల బియ్యం తీసినట్టు ఉంటుంది. కంచాల్లోకి ఎంత వచ్చిందో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. పానీయాల కంపెనీ కూడా సాధారణంగా సరుకును పంపిణీదారుకు పంపగానే దాన్ని అమ్మకంగా రాసుకుంటుంది. పంపిణీదారు గోదాములోనే డబ్బాలు నిలిచిపోతే ఆ అమ్మకం తాగేవాడి దాకా చేరలేదన్నమాట. ఈ మూడు నెలలు అమ్మకం బాగా పెరిగి, రావలసిన బాకీలు అంతకంటే వేగంగా పెరిగి, చేతికొచ్చిన నగదు మాత్రం పెరగకపోతే అనుమానించాలి. లాభనష్టాల పట్టికతో పాటు నగదు రాకపోకల పట్టిక కూడా చదవాలని మాస్టర్లు చెప్పేది ఇందుకే. మన దేశంలో ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలు త్రైమాసిక ఫలితాలను 45 రోజుల్లోగా, ఏడాది ఫలితాలను 60 రోజుల్లోగా బయటపెట్టాలి. అవి ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. టిప్పులు ఇచ్చేవాడికి సెబీ రిజిస్ట్రేషను ఉందా అని అడిగితే సగం మెసేజిలు అక్కడే ఆగిపోతాయి.

అసలు లెక్కలతో పనే లేకుండా ధర పెరిగిన సందర్భం కూడా ఒకటి ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ అనే చిన్న కంపెనీ ఉండేది. చల్లటి టీ సీసాలు అమ్మేది, నష్టాల్లో ఉండేది. బిట్‌కాయిన్ వెర్రి తలకెక్కిన రోజుల్లో, 2017 డిసెంబరు 21న, తన పేరు లాంగ్ బ్లాక్‌చెయిన్ అని మార్చుకుంటున్నట్టు ప్రకటించింది. ముందురోజు 2 డాలర్ల 44 సెంట్లున్న షేరు ఆ ఒక్కరోజులో 6 డాలర్ల 91 సెంట్లకు ముగిసింది. ఒక్క సీసా టీ ఎక్కువ అమ్మలేదు, ఒక్క డాలరు లాభం రాలేదు! 2018లో నాస్‌డాక్ దాన్ని తొలగించింది. 2021 ఫిబ్రవరిలో అమెరికా నియంత్రణ సంస్థ దాని షేర్ల నమోదునే రద్దు చేసింది. పేరు మార్పు సంగతి ముందే తెలిసి షేర్లు కొనుగోలు చేశారనే వ్యవహారంలో ముగ్గురి మీద అదే ఏడాది జూలైలో అభియోగాలు మోపింది.

అభ్యాసం

కామర్స్ గ్రూపు వాళ్ళే కాదు, లెక్క వచ్చినవాళ్ళందరూ చేయండి. ఒక కూల్‌డ్రింకు కంపెనీకి 5 కోట్ల షేర్లున్నాయి. షేరు ధర 240 రూపాయలు. పోయిన సంవత్సరం అమ్మకాలు 100 కోట్లు, లాభం 8 కోట్లు. ఒకటి, కంపెనీ మొత్తం బజారు విలువ ఎంత? లాభానికి ఎన్ని రెట్లు? రెండు, 30 రెట్లు న్యాయమైన ధర అనుకుంటే ఎంత లాభం రావాలి, అందుకు ఎంత సరుకు అమ్మాలి? మూడు, దుకాణాల్లో అరలు సంపాదించడానికి ఖర్చు పెరిగి వందకు 8 రూపాయలు మిగిలేది 6కు పడిపోతే ఆ అమ్మకాల అంకె ఎంతవుతుంది? నాలుగు, మీ ఊరి దుకాణాల్లో ఆ సీసా ఏ అరలో, ఏ కంపెనీ సరుకును పక్కకు నెట్టి నిలబడాలి?